ఆలస్యంగా అర్థమైన చదువు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. డిగ్రీ పూర్తయింది, బి.డి., అంటే పాదిరి చదువు, చదువుతానంటున్నాడు. సిఫార్సు ఉత్తరం మీద నా సంతకం కావాలట. పెట్టాను. కాఫీ తాగుతూ, "నాకేమైనా చెప్పండి అయ్యగారూ" అన్నాడు. ఆ పూట ఏమీ తోచలేదు. డెబ్బై అయిదు దాటినవాడికి చెప్పాల్సిన మాట మనిషి వెళ్లిపోయి, దీపం తీసేశాక తోస్తుంది. అలా తోచినవి రోజుకొకటి చొప్పున ఈ నోటుబుక్కులో రాసిపెట్టాను. నేను 1973లో హైదరాబాద్‌లో బి.డి.లో చేరాను. 1981లో బెంగళూరులో మతాల అధ్యయనం తీసుకుని ఎం.టీహెచ్.లో చేరాను. చదివిన చోట్ల పేర్లు రాయను. ఇక్కడ చెప్పేవన్నీ నా తప్పులు. వాటిని ఆ గోడలకు అంటించడం న్యాయం కాదు.

1. పిలుపు గురించి అడిగితే నిజం చెప్పు.

దేవుడు నిన్ను పిలిచాడని నీకెలా తెలుసు? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడగకుండా ఎవరినీ వదలరు. నేను యెషయాకు దేవాలయంలో కలిగిన దర్శనాన్ని ఎత్తుకుని అయిదు నిమిషాలు ఆగకుండా మాట్లాడాను. కమిటీలోని పెద్దాయన ఒకరు కళ్లు మూసుకుని తల ఊపారు కూడా. అసలు సంగతి వేరు. బి.ఏ. పాసై రెండేళ్లయింది, ఉద్యోగం లేదు. మా నాన్న గుంటూరు జిల్లా పల్లెలో ఉపదేశి. ఆయన జీతం ఎప్పుడొస్తుందో పంపేవాళ్లకే తెలిసేది కాదు. కోతల పండుగకు సంఘస్థులు తెచ్చే ధాన్యమే మాకు ఆసరా. మా ఇంటి నేల పేడతో అలికిన మట్టి నేల, అయ్యగారి బంగళాలో గచ్చు నేల. ఎండాకాలం సెలవుల్లో ఆ గచ్చు మీద చొక్కా లేకుండా పడుకున్న చల్లదనం నా వీపు మరిచిపోలేదు. నాకు ఆ గచ్చు కావాలి. నేను లోపలికి వస్తే మనుషులు లేచి నిలబడాలి. పిలుపు లేదని చెప్పను, ఉంది. అందులో గచ్చు నేల కూడా కలిసి ఉంది. ఆ సగం దాచిపెట్టినందుకు నాలుగేళ్లూ ఎవరో నన్ను పట్టేసుకుంటారన్న భయంతోనే చదివాను. "అయ్యా, సగం ప్రభువు కోసం, సగం కూటి కోసం" అని చెప్పి ఉంటే సీటు పోయేదేమో. ఏమో, ఆ కళ్లు మూసుకున్న పెద్దాయన కళ్లు తెరిచి చూసేవారేమో.

2. పట్టా ఎవరిస్తారో చేరేముందే కనుక్కో.

ఇది భక్తి విషయం కాదు, లౌకికం. అయినా అడగాలి. మన దేశంలో పాత సంఘాలు ఎక్కువగా అడిగేది సెరాంపూర్ సెనేట్ పట్టా. కలకత్తా దగ్గర సెరాంపూర్‌లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో కళాశాల పెట్టారు. ఆ ఊరు అప్పట్లో డేన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది కనుక డిగ్రీలిచ్చే అధికారం 1827లో డేన్మార్క్ రాజు ఇచ్చాడు. ఆ అధికారాన్ని ఖాయం చేస్తూ 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేసింది. అంటే మన పల్లెటూరి అయ్యగారి బి.డి. వెనక ఒక డేన్మార్క్ రాజు ఉన్నాడన్నమాట. మన తెలుగునాట లూథరన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) వాళ్లు కలిసి 1964లో రాజమండ్రిలో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌కు తరలించిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఆ సెనేట్‌కు అనుబంధమే. ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపుతో నడిచే సెమినరీలు వేరే ఉన్నాయి. ఏది గొప్పదని నేను తగువు పెట్టను. నీ సంఘం గురుత్వాభిషేకానికి ఏ పట్టా ఒప్పుకుంటుందో ముందు నీ పెద్దలనే అడుగు. నాలుగేళ్ల తర్వాత అడిగితే ఆ జవాబు నీకు పనికిరాదు.

3. తెలిసిన మాటకైనా చోటు, సమయం చూసుకోవాలి.

మొదటి ఏడాది గ్రీకు, రెండో ఏడాది హీబ్రూ. హీబ్రూను కుడి నుంచి ఎడమకు చదవాలి. అచ్చులు ఎక్కువగా అక్షరాల కింద చుక్కలుగానో గీతలుగానో ఉంటాయి. హాస్టల్ బల్బు వెలుగులో అది అచ్చో, కాగితం మీద మరకో తెలిసేది కాదు. గ్రీకు క్రియారూపాలు ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ వల్లెవేసేవాళ్లం. దారిన పోయేవాళ్లు ఏవో మంత్రాలనుకునేవారు. మూడు నెలలు గడిచేసరికి, మా ఊళ్లో ఎవరికీ తెలియనిది నాకు తెలుసన్న పొగరు గొంతు దాకా వచ్చింది.

1974 క్రిస్మస్. మా నాన్న ప్రతి ఏడూ చెప్పినట్టే యెషయా ఏడో అధ్యాయం మీద ప్రసంగం చేశాడు. కన్యక కుమారుణ్ని కంటుందన్న వచనంలో కన్యక అన్న మాట దగ్గర ఆగి, దాన్ని రెండుసార్లు పలికి, కొత్తగా విన్నవాడిలా తానే ఆశ్చర్యపోవడం ఆయనకు అలవాటు. ప్రసంగం అయ్యాక సంఘపెద్ద లేచి, "పట్నంలో చదువుతున్న మన అబ్బాయి రెండు మాటలు చెబుతాడు" అన్నాడు. శుభాకాంక్షలు చెప్పి కూర్చోవాల్సింది. నేను హీబ్రూ మొదలుపెట్టాను. మూలంలో ఉన్న మాట 'అల్మా', దానికి పడుచుపిల్ల అనే అర్థం, కన్య అని తేల్చి చెప్పడానికి 'బెతూలా' అని వేరే మాట ఉంది, గ్రీకులోకి అనువదించినవాళ్లు 'పార్థెనోస్' అని పెట్టారు, మత్తయి ఆ గ్రీకు మాటే తీసుకున్నాడు. అన్నీ పాఠంలో ఉన్నట్టే చెప్పాను. ఒక్క అక్షరం తప్పు లేదు. వింటున్నవాళ్లకు హీబ్రూ అర్థం కాలేదు గానీ ఒకటి మాత్రం అర్థమైంది: కొడుకు తండ్రిని తప్పుపట్టాడు.

మా నాన్న బల్ల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు తీసి, కండువా చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. రాత్రి అన్నాల దగ్గర, "వాడికి ఇంకో ముక్క వెయ్యవే" అని అమ్మతో అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత పన్నెండు క్రిస్మస్‌లు బతికాడు. ఒక్కసారి కూడా ఆ వచనం జోలికి వెళ్లలేదు. గొర్రెల కాపరుల దగ్గర మొదలుపెట్టి గొర్రెల కాపరుల దగ్గరే ముగించేవాడు. తర్వాత సెమినరీ పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో 'అల్మా' గురించి నేను ఇరవైసార్లు చెప్పి ఉంటాను, అదే అర్థం. చెప్పిన ప్రతిసారీ ఆ కండువా చెంగు కళ్ల ముందు ఆడేది. క్షమించమని అడగడానికి పన్నెండేళ్లున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు అడుగుదాం, ఈసారి అడుగుదాం అనుకుంటూనే పోనిచ్చాను.

4. సందేహం వచ్చిన రాత్రి పక్క మంచం మీదివాణ్ని లేపు.

మోషే గ్రంథాలు ఐదూ ఒక్క చేతి రాత కావని, నాలుగు మూలాల కలనేత అని వెల్‌హౌజెన్ అనే జర్మన్ పండితుడు 1878లోనే వాదించాడు. ఆదికాండంలో సృష్టి రెండుసార్లు, రెండు రకాలుగా జరుగుతుంది. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు అన్నిటికన్నా పాత ప్రతుల్లో లేవు. ఇవన్నీ సెమినరీలో దాచి పెట్టరు, మొదటి రెండేళ్లలోనే నీ ముందు పెడతారు. పెట్టాలి కూడా. గుడిలో ఆదివారం విన్నదాన్నే మళ్లీ వినడానికి నాలుగేళ్లు ఎందుకు?

నా గదిలో ఉండే స్నేహితుడిది మెదక్ వైపు. 1924లో ప్రతిష్ఠ అయిన ఆ పెద్ద గుడి కట్టేటప్పుడు వాళ్ల తాత రాళ్లు మోశాడట. కరువులో గుడి కట్టి కూలి ఇచ్చి బతికించారని గర్వంగా చెప్పుకునేవాడు. ఒక రాత్రి చీకట్లో, "ఒరే, మోషే రాయలేదంటే మా తాత నాకు చెప్పింది అబద్ధమా?" అన్నాడు. అదే ప్రశ్న కళ్లు తెరిచి నేనూ మోస్తున్నాను. వారం రోజులుగా నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే గోడ మీది సున్నం పెచ్చులే కనిపిస్తున్నాయి. ఆ ముక్క వాడికి చెప్పొచ్చు. నేను మాత్రం, "ఎవరు రాశారన్నది ముఖ్యం కాదు, విశ్వాస సమాజం దాన్ని ఎలా స్వీకరించిందన్నదే ముఖ్యం" అని నోట్సులోని వాక్యం అప్పజెప్పాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత తెల్లవారుజామున ట్రంకు పెట్టె పిడి చప్పుడైంది. మెలకువగానే ఉన్నాను. దుప్పటి తలమీదికి లాక్కున్నాను. లేస్తే "నాకూ అలాగే ఉందిరా" అని చెప్పాల్సి వస్తుంది. చప్పుడు వరండాలో కొంత దూరం వినిపించి ఆగిపోయింది. ఎక్కడో బడిపంతులుగా స్థిరపడ్డాడని తర్వాత తెలిసింది. ఉత్తరం రాయలేదు. మన సెమినరీల్లో సందేహాన్ని పరీక్ష పేపరు మీద నిర్భయంగా రాస్తాం, ప్రార్థన కూడికలో నోరెత్తం. ఈ అలవాటు నా తరానిదని ఊరుకుందామంటే, నేను పాఠం చెప్పిన కాలంలోనూ చూశాను. విరగ్గొట్టడానికి నేను పెద్దగా చేసిందీ లేదు.

5. నోట్సులో ఉన్న తెలుగును గుడిలో మాట్లాడకు.

1977 జులైలో కృష్ణా డెల్టాలో నాకు మొదటి సంఘం ఇచ్చారు. మొదటి ప్రసంగంలో పాల్ టిలిక్ అనే వేదాంతిని తెలుగు చేశాను. 'సమస్త అస్తిత్వానికి ఆధారభూతమైన సత్' అని దేవుణ్ని వర్ణించాను. బయట మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "ఎంత బాగా చెప్పారయ్యగారూ, అచ్చం ఇంగ్లీషులో చెప్పినట్టే ఉంది" అంది. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగా అంది. ఆవిడకు అక్షరం రాదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు మాత్రం రాగాలతో సహా నోటికొచ్చు. పాపం, కృప, ప్రాయశ్చిత్తం గురించి నేను మూడేళ్లు చదివింది ఆవిడ పాటలో మూడు చరణాల్లో ఉండేది. ఆ కీర్తనలు మా సిలబస్‌లో లేవు. నేనూ అడగలేదు.

6. చావు ఇంట్లో నీ జవాబు ఎవరికీ అక్కర్లేదు.

చివరి ఏడాది పరీక్షలో దేవుడు మంచివాడైతే చెడు ఎందుకుంది అన్న ప్రశ్న వచ్చింది. అగస్టీన్ ఏమన్నాడు, ఐరేనియస్ ఏమన్నాడు, 1966లో జాన్ హిక్ వీళ్లిద్దరినీ ఎలా తూచాడు అని ఎనిమిది పేజీలు రాశాను. మంచి మార్కులొచ్చాయి. ఆ ఏడాదే, 1977 నవంబర్ 19, శనివారం, తుఫానుతో దివిసీమ మీదికి సముద్రం వచ్చింది.

నా సంఘం ఉన్న ఊరు కొంచెం లోపలికి కావడంతో కప్పులు మాత్రమే పోయాయి. రెండు రోజులకు దారి దొరికి అవనిగడ్డ దాటి కిందికి వెళ్లాం. పదివేలకు పైగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. అక్కడ నిలబడినవాడికి లెక్క కనపడదు. తాటిచెట్ల మట్టల్లో చీర కనపడుతుంది. మనుషులు, గొడ్లు ఒకే చోట ఉబ్బి ఉంటే వాసన ఎవరిదో తెలియదు. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్లలో పడుకుని ఉంది. నా చేతిలోని ఆరాధన క్రమం పుస్తకం తడిసి, పేజీలు విడదీస్తే చిరిగిపోతున్నాయి.

ఒక పల్లెలో బతికినవాళ్లను ఒకచోట చేర్చారు. శవాలను అప్పటికే గోతుల్లో పూడ్చేశారు. కొన్నిటిని తగలబెట్టారు. నేను గొంతు సవరించుకుని, "దేవుని చిత్తం..." అని మొదలుపెట్టాను. ముందు నిలబడ్డ ఒక కూలీ ఆయన, నలభై ఏళ్లుంటాయేమో, చెయ్యి అడ్డం పెట్టాడు. "అది తర్వాత చెబుదురుగాని అయ్యగారూ. ముందు పేర్లు చదవండి. మీకు గొంతుంది." అట్ట ఊడిపోయిన బడిపిల్లల నోటుబుక్కు చేతిలో పెట్టాడు. ఎవరెవరు కనపడలేదో ఇల్లిల్లూ అడిగి పెన్సిలుతో రాసుకున్నాడు. నలభై మూడు పేర్లు. కొన్నిటికి పేరు లేదు, 'ఫలానా వాళ్ల చంటిది' అని ఉంది, ఇంకా పేరు పెట్టలేదన్నమాట. ఒక్కొక్కటే గట్టిగా చదివాను. ప్రతి పేరుకూ ఎక్కడో ఒక మూల నుంచి ఏడుపు లేచేది. అది తగ్గేదాకా ఆగి తర్వాతి పేరు చదివేవాణ్ని. ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతి ఏర్పడింది. ముప్ఫయ్యో పేరో ఎన్నోదో చదివినప్పుడు, వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "నేను ఉన్నానండి" అంది. పన్నెండేళ్లుంటాయి. రెండు రోజులు ఎవరింట్లోనో ఉండి అప్పుడే వచ్చిందట. ఆ కూలీ ఆయన నా చేతిలోని పుస్తకం తీసుకుని, పెన్సిలు నాలుకకు తడి చేసుకుని, ఆ పేరు కొట్టేసి, మళ్లీ నా చేతికిచ్చాడు. "ఊఁ, చదవండి."

ఆ రోజు ప్రసంగం లేదు. తర్వాత చెబుదురుగాని అన్నాడు కదా, ఆ 'తర్వాత' కోసం ఆయన నన్నెప్పుడూ అడగలేదు. నేనూ అడిగించుకోలేదు. అగస్టీన్ అక్కర్లేదని కాదు నాయనా. రాత్రి ఒంటరిగా నాకు నేను చెప్పుకోవడానికి ఆ ఎనిమిది పేజీలు కావలసి వచ్చాయి. కానీ అవి నాకు.

7. ఎదుటివాడి మతం చదివేముందు, నీ మతంలో నీకు నచ్చనిదేదో తేల్చుకో.

ఎం.టీహెచ్.లో మతాల అధ్యయనం తీసుకున్నానంటే మా సంఘంలో కొందరు అనుమానంగా చూశారు, వీడు బొట్టు పెట్టుకుని తిరిగొస్తాడేమోనని. వాళ్లు భయపడినంత ఏమీ జరగలేదు. హిందూమతాన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో చదివాను. క్రీస్తే హిందూమతానికి కిరీటం అని 1913లో రాసిన ఫార్కర్‌ను చదివాను. 1938లో తాంబరంలో జరిగిన మిషనరీ సభ కోసం క్రేమర్ రాసినది చదివాను. అటు హిందూమతం, ఇటు క్రైస్తవం అని గీత గీసి, రెండు వరుసల పట్టిక తయారుచేసుకున్నాను. మా వరుసలోవన్నీ బాగుండేవి.

ఉపనిషత్తులు మూలంలో చదవాలంటే సంస్కృతం కావాలి. రిటైరైన ఒక సంస్కృత పండితుడి దగ్గరికి పంపారు. ఇంట్లో తెలుగు మాట్లాడే బెంగళూరు కుటుంబం. మొదటి రోజు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఆయన తాగే గ్లాసూ నాదీ ఒకే జత. అది చూడకుండా ఉండలేకపోయాను. మా పల్లె నుంచి వచ్చినవాడెవడూ చూడకుండా ఉండలేడు. నా పట్టిక తిరగేసి, పక్కన పెట్టి, "నీ మతంలో నీకు నచ్చనిది ఏది? అది చెప్పాక పాఠం మొదలెడదాం" అన్నారు. నాకు మాట రాలేదు. వారం పట్టింది. ఆ వారంలో ఆయన ఇంకో మాట చెప్పారు: మన సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుతున్నప్పుడు మిషనరీల విమర్శ తగిలి, ఆ పోటుతోనే తన మతాన్ని చదవడం మొదలుపెట్టి, ఎం.ఏ.కి వేదాంత నీతి మీద వ్యాసం రాశాడని. "మీవాళ్ల ప్రశ్న మావాడికి మేలు చేసింది. మా ప్రశ్న నీకు చెయ్యొద్దా?" అని నవ్వారు.

వారం తర్వాత చెప్పాను. "మా ఊళ్లో మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు అండీ. ఒకే ప్రభువు, ఒకే కీర్తనల పుస్తకం, రెండు గుడిగంటలు." ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాప చూపించి, "కూర్చో" అన్నారు. కఠోపనిషత్తు తెరిచారు.

8. నీ వాకిట్లోని ప్రశ్నను వదిలి ఊరి చివర వెతకకు.

ఆ రెండు గుడిగంటల మాట పండితుడికి చెప్పగలిగానా, సిద్ధాంత వ్యాసంలో ఒక్క వాక్యం రాయలేకపోయాను. శంకరుల బ్రహ్మానికీ, యోహాను సువార్తలో వాక్యం అనే లోగోస్‌కూ పోలికలు రాశాను. ఎవరికీ కోపం రాని విషయం. నేను బెంగళూరు చేరిన 1981లోనే అరవింద్ నిర్మల్ అనే ఆచార్యుడు అక్కడి యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. భారతీయ క్రైస్తవ వేదాంతమంతా పై కులాల తత్త్వంతోనే మాట్లాడుతోందని, చర్చిలో నిండి ఉన్న మనుషుల బాధ అందులో లేదని. దళిత వేదాంతం అని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది అక్కడ మొదలైంది. ఆ ఉపన్యాసం సైక్లోస్టైల్ ప్రతి నా చేతికీ వచ్చింది. చదివాను. ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. పదేళ్ల తర్వాత తీశాను.

ఇంకా సిగ్గుపడే సంగతి చెప్పాలి. బళ్లో చదివే రోజుల్లోనే 'గబ్బిలం' నాకు సగం కంఠతా వచ్చు. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో రాసిన కావ్యం. గుడి గడప తొక్కనివ్వని మనిషి గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి తన కష్టం కబురు పంపుతాడు. ఒక క్రైస్తవుడు, కులం దెబ్బ తిన్నవాడు, శివుడితో మాట్లాడుతున్నాడు. మతాల అధ్యయనం చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? జాషువా పద్యాలు తెలుగు పాఠం, లోగోస్ థియాలజీ అని నా బుర్రలో ఎవరో గోడ కట్టారు. కట్టిన మేస్త్రీని నేనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో మతం మారిన దళితుడు షెడ్యూల్డు కులం కాకుండా పోయాడు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మనం బి.సి.-సి. నా సర్టిఫికెట్‌లో ఆ అక్షరాలు ఉన్నాయి, వ్యాసంలో లేవు. ఆ వ్యాసం గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. ఒకసారి వెళ్లి వెనక అట్టకు అంటించిన చీటీ చూశాను. ముగ్గురు తీసుకెళ్లారు. అందులో ఒకణ్ని నేనే.

9. నీ చదువు ఎవరి చదువును మింగుతోందో చూసుకో.

నేను బెంగళూరులో ఉన్న రెండేళ్లూ మా ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీలు, ఇద్దరు పిల్లలు. నాకు నెలనెలా వచ్చే మనియార్డరు మీద ఆమె చేతిరాత. బయల్దేరే ముందు రోజు రాత్రి నా బట్టలు సర్దుతూ, "నేనూ బి.డి. చదవొచ్చా?" అంది. బి.ఎస్సీ. నర్సింగ్ చేసిన మనిషి, స్త్రీల మైత్రిలో వాక్యం చెబితే నాకన్నా బాగా వినేవాళ్లు. నేను నవ్వి, "ఇద్దరం అయ్యగార్లమైతే వంటెవరు చేస్తారు?" అన్నాను. ఆమె కూడా నవ్వింది. అది తమాషా అని ముప్ఫై రెండేళ్లు అనుకున్నాను.

2013లో ఇ. పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్‌గా నంద్యాలలో అభిషేకం పొందారు. మన తెలుగావిడ. పేపర్లో ఫొటో వచ్చింది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ వార్తంతా చదివి, పేపరు మడిచి, "వంటెవరు చేస్తున్నారో" అంది. అంతే అంది. లేచి వెళ్లి పొయ్యి మీద పాలు చూసింది. నేను పేపరు పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇంతవరకు రాశాక ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. సీటు వచ్చిందట, సోమవారం బండి. ఈ నోటుబుక్కు ఇద్దామా వద్దా అని సందేహించాను. ఇది కూడా ఎవరూ అడగని ప్రసంగమేమోనని. ఆఖరికి ఇచ్చాను. వాడు పైన రెండు పేజీలు తిరగేసి, మొహమాటంగా, "అయ్యగారూ, ఇది బండిలో చదువుకుంటాను. హాస్టల్‌కి ఏమేం తీసుకెళ్లాలో చెప్పండి ముందు" అన్నాడు.

"దోమతెర" అన్నాను. లోపల నుంచి మా ఆవిడ, "మంచిది కొనుక్కో నాయనా, ఈయన కొన్నది చిల్లుల తెర" అంది.